పెట్రోల్లో సారా ఉందని రాసిన బంకు

అందరూ అడిగేది

నేను ఒక ఆయిల్ కంపెనీలో సేల్స్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం ఖమ్మం జిల్లాలోనే గడిచింది, ఇటు మధిర నుంచి అటు భద్రాచలం అడవుల దాకా. బంకులకు వెళ్లడం, ట్యాంకులో పెట్రోలు కొలవడం, శాంపిళ్లు తీయడం, డీలర్లను కోప్పడటం, కోప్పడ్డాక వాళ్ల ఇంట్లోనే భోంచేయడం. ఇదీ నా పని. ఈమధ్య మా కాలనీలో ఒకమ్మాయికి అదే ఉద్యోగం వచ్చింది. "అంకుల్, చేరే ముందు ఏం చదువుకోవాలి?" అని అడిగింది. చదవాల్సినవి కంపెనీ వాళ్లే బస్తా నిండా ఇస్తారు. వాళ్లు ఇవ్వనివి నేను రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి వచ్చేవాళ్లకు వస్తాయి, రానివాళ్లు నాలాగా పుస్తకాలు రాసుకుంటారు.

ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నువ్వు ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర పక్కవాడు పప్పు కలుపుకుంటూ ఒకటే అడుగుతాడు. "ఏ కంపెనీ పెట్రోలు మంచిదండీ?" నువ్వు నీ కంపెనీ పేరు చెప్తే నవ్వుతాడు, జీతం తీసుకుంటున్నావు కాబట్టి చెప్పావంటాడు. ఇంకో కంపెనీ పేరు చెప్పావా, ఆ మాట నీ ఆఫీసుకు నీకంటే ముందే చేరుతుంది.

నిజం ఏమిటంటే ఆ రోజుల్లో మా జిల్లాలో చాలా బంకులకు పెట్రోలు వచ్చేది ఒకే డిపో నుంచి. ఒక కంపెనీకి దగ్గర్లో డిపో లేకపోతే పక్క కంపెనీ డిపోలో నింపుకుంటుంది. ఇంకోచోట వీళ్లు వాళ్లకు నింపిస్తారు. లారీ రంగు మారుతుంది, బోర్డు రంగు మారుతుంది, లోపలి సరుకు ఒకటే. కొంచెం ఎక్కువ ధర పెట్టి అమ్మే స్పెషల్ పెట్రోల్లో మాత్రం ఇంజను శుభ్రంగా ఉండటానికి ఒక మందు కలుపుతారు. కొత్త కార్లకు అది పనికొస్తుంది. పాత స్కూటరుకు పోయించడమంటే ఎద్దుకు బాదంపాలు పట్టించినట్టే. కావాలంటే పట్టించు, నాకేం అభ్యంతరం లేదు. అమ్మింది నేనే కదా.

మా బావగారి మైలేజీ

నేలకొండపల్లిలో మా అక్కను ఇచ్చాం. బావగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన మోటారుసైకిలుకు మా కంపెనీ పెట్రోలు పడదని, ఖమ్మం రోడ్డులో వేరే కంపెనీ బంకుంది, దాని పెట్రోలే పడుతుందని పదేపదే చెప్పేవారు. "నీది పోస్తే బండి మొరాయిస్తుందయ్యా. వాళ్లది పోస్తే నెమలిలా పోతుంది" అని మా అమ్మ ముందు కూడా అనేవారు. అల్లుడి మాటకు మా అమ్మ తలూపేది. నాకు ఉడుక్కోవడం తప్ప ఏం చేయాలో తెలిసేది కాదు.

ఒకసారి సెలవు పెట్టి వాళ్లింట్లో ఉన్నాను. అప్పుడు గమనించాను. మా కంపెనీ బంకు ఊరి పక్కనే ఉంది కాబట్టి రోజూ బడికి, బజారుకు తిరిగేటప్పుడు అక్కడే పోయించుకునేవారు. వెనక మా అక్క, ముందు గేదెలకు తవుడు బస్తా, దారంతా గుంతలు. ఆదివారం ఖమ్మం వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కరే, ఉతికిన చొక్కా వేసుకుని తారు రోడ్డు మీద సినిమాకు వెళ్తూ ఆ రెండో బంకులో పోయించుకునేవారు. "బావగారూ, ఆదివారం తవుడు బస్తా వేసుకుని అక్కను కూడా తీసుకుని సినిమాకు వెళ్లండి, మైలేజీ నేను చూస్తా" అన్నాను. మా అక్క వంటింట్లోంచి పగలబడి నవ్వింది. బావగారు ఆ తర్వాత కూడా అభిప్రాయం మార్చుకోలేదు. లెక్కల మాస్టార్లతో వాదించకూడదని అప్పుడు నేర్చుకున్నాను.

అయితే తేడాలే లేవా అంటే ఉన్నాయి, కంపెనీల మధ్య కాదు, బంకుల మధ్య. అమ్మకం తక్కువ ఉన్నచోట పెట్రోలు రోజుల తరబడి ట్యాంకులో ఎండకు కూర్చుంటుంది, పొద్దున్నే బండి కిక్కు మీద కిక్కు కొట్టించుకుంటుంది. దొంగబుద్ధి ఉన్నవాడు రేషన్ కిరోసిన్ కలుపుతాడు. గోదావరి ఒడ్డున వరదలొచ్చినప్పుడు ట్యాంకు మూత సరిగా లేకపోతే నీళ్లు దిగుతాయి. ఈ మూడూ బోర్డు చూస్తే తెలియవు.

రంగనాథం గారు

మా బాస్ రంగనాథం గారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆయన దగ్గర నేను నేర్చుకున్నంత ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు. "బంకుకు వెళ్తే ముందు టాయిలెట్ చూడు. అది శుభ్రంగా ఉంచేవాడు ట్యాంకు కూడా శుభ్రంగా ఉంచుతాడు" అనేవారు. వినడానికి నవ్వులాటలా ఉంటుంది కానీ ఆ మాట నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. నువ్వు కూడా పాటించు.

ఆయనలో ఒక్కటే నాకు నచ్చేది కాదు. కస్టమరుకు ఏమీ చెప్పకూడదని ఆయన సిద్ధాంతం. రెండువేల సంవత్సరం దాటాక కొన్నాళ్లకు పెట్రోల్లో ఇథనాల్ కలపమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి నుంచి తీసే స్పిరిట్ అది. డిపోలోనే కొద్దిగా కలిపి లారీలకు ఎక్కిస్తారు. అన్ని కంపెనీలకూ అదే. దానివల్ల బండికి హాని లేదు. ఒక్కటే చిక్కు, నీళ్లు తగిలితే ఆ స్పిరిట్ పెట్రోలును వదిలేసి నీళ్లతో జతకట్టి అడుక్కి దిగుతుంది. అప్పుడు బండి స్టార్ట్ అవదు.

మీటింగులో నేను లేచి, "సర్, డీలర్లకు ఇది వివరంగా చెప్పాలి కదా" అన్నాను.

"ట్యాంకులో నీళ్లు లేకుండా చూసుకోమని చెప్పు చాలు. ఎప్పుడూ చెప్పేదేగా. స్పిరిట్ అన్న మాట ఎత్తావంటే రేపటి నుంచి ఎవడి బండి ఆగినా మన మీదికే వస్తాడు" అన్నారు.

అందరూ తలలూపారు. పెద్ద గొంతు ఉన్నవాళ్లకు అదొక సౌకర్యం.

ముత్తమ్మ ఫోను

బూర్గంపాడు దాటి పినపాక వైపు వెళ్లే దారిలో మాకు ఒక చిన్న బంకు ఉండేది. డీలరు ముత్తమ్మ, కోయ ఆడబిడ్డ. అంతకుముందు అంగన్‌వాడీ టీచరు. గిరిజనుల కోటాలో ఆ బంకు ఆమెకు వచ్చింది. పొద్దున్నే తనే వచ్చి చీపురు పట్టేది. టాయిలెట్ సంగతి చెప్పక్కర్లేదు, చెప్పులు విప్పి వెళ్లాలనిపించేది. చుట్టూ ఉన్న గూడేల వాళ్లే ఆమెకు గిరాకీ. బండ్లున్నవాళ్లు తక్కువ, సీసాల్లో, డబ్బాల్లో పట్టుకెళ్లేవాళ్లు ఎక్కువ. అలా పోయకూడదని రూలు. రూలు చెప్పేవాళ్లం, అడవిలో బండి ఆగిపోయినవాడు సీసా పట్టుకుని నడిచి వస్తే మేమే మొహం పక్కకు తిప్పుకునేవాళ్లం.

ఒక వానాకాలం ముత్తమ్మ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"సార్, జల్దీ రాండ్రి. మా వాళ్లు రేపు బంకు కాడ కూసుంటరంట. నేను పెట్రోల్ల ఇప్పసారా కలుపుతున్ననంట."

నాకు నవ్వొచ్చింది.

"నవ్వకున్రి సార్. గది చిన్న ముచ్చట కాదు" అంది.

నిజంగానే చిన్న ముచ్చట కాదు. ఇప్పపువ్వు సారా వాళ్లకు ఉత్త తాగుడు సరుకు కాదు. పండగైనా, చావైనా, పెళ్లైనా మొదటి చుక్కలు నేల మీద ధారపోస్తారు, దేవుళ్లకూ చనిపోయిన పెద్దలకూ. అలాంటిదాన్ని లాభం కోసం పెట్రోల్లో పోసి మోటారుసైకిళ్లలో తగలబెడుతున్నదని పేరు వచ్చింది. పెద్దలు ఆమెది తప్పని తేల్చారంటే ఒక్కడు కూడా బంకులో అడుగుపెట్టడు. అంతకంటే పెద్దది ఇంకొకటుంది, అది ఆమే చెప్పింది.

"బంకు పోతే మళ్ల పిల్లలకు అఆలు చెప్పుకుంట బతుకుత. ఊళ్లె ఎవరూ పిలవకుంటే, ఎవరూ మా ఇంట్ల నీళ్లు తాగకుంటే ఎట్ల బతకాలె సార్?"

కడిగిన సీసాలు

మర్నాటి దాకా ఆగకుండా ఆ మధ్యాహ్నమే బయలుదేరాను. దారిలో బూర్గంపాడు దగ్గర ఇంకో కంపెనీ బంకులో ఒక డబ్బా పెట్రోలు కొనుక్కున్నాను. వాళ్ల బంకులో గొడవ లేదు. దాంతో జనం తీర్పు చెప్పేశారు, ఆ కంపెనీ పెట్రోలు మంచిది, మాది సారా అని.

ముత్తమ్మ ట్యాంకులో కొలకర్ర దింపి చూశాను. కర్ర చివర నీళ్లను పట్టించే పేస్టు రాస్తాం, చుక్క నీరు తగిలినా రంగు మారుతుంది. మారలేదు. ట్యాంకు పొడిగా ఉంది. రోడ్డవతల మెకానిక్ యాకూబ్ షెడ్డు. ఆగిపోయిన బండ్లన్నీ అతని దగ్గరికే వచ్చాయి.

"కార్బొరేటర్ విప్పిన సార్. అడుగున నీళ్లలెక్క ఉంది. వాసన చూస్తే సారా. అబద్ధమైతే నా పేరు మార్చుకుంట" అన్నాడు.

నేను వాసన చూశాను. యాకూబ్ పేరు మార్చుకోనక్కర్లేదు. పెట్రోలు ఘాటు కింద స్పిరిట్ వాసన స్పష్టంగా ఉంది. ఆ అడవి వైపు ఆ వాసన తెలియని ముక్కు ఉండదు. వాళ్లు అబద్ధమాడటం లేదు, మేమే చెప్పలేదు.

కానీ ట్యాంకులో నీళ్లు లేకపోతే బండ్లలోకి ఎక్కడివి? ముత్తమ్మకు ఇథనాల్ సంగతి మొదటిసారి అప్పుడు చెప్పాను. కొంచెంసేపు నా మొహంలోకి చూసింది. కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది, సార్ కాబట్టి మింగేసింది. తర్వాత ఏదో తట్టినట్టు లేచి, వరుసలో పెట్టి ఉన్న ఖాళీ సీసాల్లోంచి ఒకటి తెచ్చి నా ముందు బోర్లించింది. నాలుగైదు చుక్కల నీళ్లు కారాయి.

"మా వాళ్లు సీస కడగకుండ తీస్కరారు సార్. నూనెకు పోయినా, పెట్రోలుకు పోయినా మంచిగ కడిగే తెస్తరు. వానాకాలమాయె, ఎండుతదా?"

ఆ సీసాలోంచి నీళ్లు బండిలోకి చేరుతున్నాయి, ఆ బండి వాగు దాటితే ఇంకొన్ని. బూర్గంపాడు బంకుకు వచ్చేవాళ్లు తిన్నగా బండి ట్యాంకులో పోయించుకునేవాళ్లు, వాళ్లకు ఈ బాధ లేదు. స్పిరిట్ కలపని పాత పెట్రోలైతే ఆ నాలుగు చుక్కలూ అడుగున ఊరికే పడుండేవి. ఇప్పుడవి స్పిరిట్‌ను లాక్కుంటున్నాయి. ఒకే డిపో, ఒకే సరుకు. శుభ్రంగా ఉండే జనం దగ్గరికి వెళ్లింది కాబట్టి చెడ్డపేరు తెచ్చుకుంది.

బంకు ఫోనులోంచి రంగనాథం గారికి చెప్పాను.

"ఇథనాల్ అన్న మాట అక్కడ రాకూడదు. డీలరు ట్యాంకులో నీళ్లు చేరాయని చెప్పు. కొన్నాళ్లు సప్లై ఆపుదాం. వాళ్లూ శాంతిస్తారు" అన్నారు.

"ట్యాంకు పొడిగా ఉంది సర్."

"అది నీకూ నాకూ తెలుసు."

నాకు ఒళ్లు మండింది. పక్కనే నిలబడి ముత్తమ్మ నా మొహంలో ఏం కనపడుతుందా అని చూస్తోంది. "లైన్ సరిగా లేదు సర్" అని పెట్టేశాను. కొత్తగా చేరేవాళ్లకు నా సలహా, లైన్ సరిగా లేకపోవడం అప్పుడప్పుడు చాలా ఉపయోగం.

పెద్దల ముందు

మర్నాడు పొద్దున గూడేల పెద్దలు బంకు షెడ్డు కింద కూర్చున్నారు. వాళ్లందరికీ పెద్ద భీమయ్య పటేలు. బక్కమనిషి, భుజాన కండువా, మాట నెమ్మది. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకున్నాక ఆయన నావైపు తిరిగాడు.

"సారూ, ఒక్కటే అడుగుత. ఇందుల సారా ఉన్నదా, లేదా?"

"ఉంది" అన్నాను.

ఒక్కసారిగా గోల లేచింది. ముత్తమ్మ కళ్లు మూసుకుంది. భీమయ్య చెయ్యెత్తాక అందరూ ఆగారు.

"ఇప్పపువ్వుది కాదు. చక్కెర మిల్లుది. సర్కారు కలపమంది. డిపోలోనే కలుపుతారు. ముత్తమ్మ కలపలేదు, ఆమెకు తెలియను కూడా తెలియదు. బూర్గంపాడు బంకులో కూడా ఇదే" అన్నాను. మాటలతో నమ్మమని అడగలేదు. రెండు తెల్ల సీసాలు తెప్పించి, రెండింట్లో సమానంగా నీళ్లు పోసి, ఎక్కడిదాకా ఉన్నాయో దారం కట్టాను. ఒకదాంట్లో ముత్తమ్మ పెట్రోలు, రెండోదాంట్లో ముందురోజు బూర్గంపాడు బంకులో కొన్న డబ్బాలోది. బాగా ఊపి బల్ల మీద పెట్టాను. కాసేపటికి తేరాక చూస్తే, స్పిరిట్ వచ్చి కలవడంతో రెండింట్లోనూ నీళ్లు దారం దాటి పైకొచ్చాయి, ఒకే ఎత్తుకు. అడుగున ఉన్నది తీసి ఇస్తే ఒకరి తర్వాత ఒకరు వాసన చూశారు. రెండూ ఒకటే.

తర్వాత ముత్తమ్మ లేచి కడిగిన సీసాల సంగతి వాళ్ల భాషలో చెప్పింది. ఆడవాళ్లు కొందరు నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు.

భీమయ్య రెండు సీసాలూ వెలుతురుకు ఎత్తి చూసి, బల్ల మీద పెట్టాడు. అప్పుడు ముత్తమ్మను అడిగాడు. "బిడ్డా, గీ సంగతి నీకు ముందుగాల చెప్పిండ్రా?"

"చెప్పలే తాతా. నిన్ననే చెప్పిండ్రు."

"ఎందుకు చెప్పలే సారూ? మేం తీస్కపోతున్నది, మా బండ్లల్ల పోస్కుంటున్నది. ఇందుల ఏమున్నదో మాకెందుకు చెప్పలే?"

రంగనాథం గారి జవాబు ఒకటి నా దగ్గర ఉంది, అది చెప్పబుద్ధి కాలేదు. "చెప్పాల్సింది" అన్నాను.

వాళ్లు మళ్లీ కోయలో మాట్లాడుకున్నారు. తీర్పు తెలుగులో చెప్పాడు. "బిడ్డ తప్పు లేదు. తప్పు కంపెనీది. కంపెనీ మనిషి ఈడనే ఉన్నడు, ఆయనే కడ్తడు."

తప్పు కట్టడమంటే ఒక కోడి, ఒక కుండ ఇప్పసారా. మొదటి చుక్కలు పెద్దల పేరు మీద నేల మీద పోసి, పొరపాటైందని చెప్పుకోవాలి. నేను పుట్టి బుద్ధెరిగి సారా ముట్టినవాణ్ని కాదు. చెప్పులు విప్పి, ఆకు దొప్పలో పోసుకుని, ముత్తమ్మ చెప్పినట్టు ధారపోశాను. మనసు తేలికపడింది. దొప్ప కింద పెడుతుంటే భీమయ్య అన్నాడు.

"మీ పెట్రోలే తాగుతున్నది, నువ్వు తాగవా సారూ?"

ముత్తమ్మతో సహా అందరూ నవ్వారు. ఆ నవ్వుతో బంకు నిలిచిందని నాకు అర్థమైంది. అంత సంతోషం నాకు ఏ ఇంక్రిమెంటుకీ కలగలేదు.

బోర్డు

వారం తిరక్కుండా ముత్తమ్మ బంకు ముందు ఒక బోర్డు పెట్టించింది. నన్ను అడగలేదు. అడిగితే ఆఫీసును అడగాలంటానని ఆమెకు తెలుసు. తెల్ల రేకు మీద నీలం అక్షరాలు. "ఈ పెట్రోల్ల చక్కెర మిల్లు సారా కలిసి ఉన్నది. అన్ని కంపెనీలల్ల ఇంతే. సీస కడిగి తేవద్దు. నీళ్లు తగిలితే బండి నడవదు."

రంగనాథం గారు ఇన్‌స్పెక్షనుకు వచ్చారు. తప్పు కట్టిన సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది, దారంతా నాతో మాట్లాడలేదు. కారు దిగి, అలవాటు ప్రకారం ముందు టాయిలెట్ చూసి వచ్చారు. అప్పటిదాకా మొహం బాగానే ఉంది. తర్వాత బోర్డు చూశారు.

"ఇదేంటమ్మా? సొంత బంకు మీద సారా అని రాసుకునేవాళ్లుంటారా? తీసెయ్."

ముత్తమ్మ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "తీస్త సార్. మళ్ల మా పటేలు వచ్చి ఎందుకు తీసినవ్ అంటే, జవాబు మీరు చెప్తరా?"

"కనీసం ఇథనాల్ అని రాయి."

"ఇథనాల్ అంటే మావోళ్లకు ఏం తెలుస్తది సార్? సారా అంటే అందరికి తెలుస్తది."

ఆయన నావైపు చూశారు. నేను పంపు మీద ధరలు చదువుతున్నట్టు నిలబడ్డాను. ఇంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు దిగి మూత తీశాడు. కస్టమర్లను పలకరించడం రంగనాథం గారికి అలవాటు, కోపంలో కూడా పోలేదు.

"ఎక్కణ్నుంచి బాబూ?"

"సారపాక సార్. కిరాయికి ఇటొచ్చిన."

"దారిలో ఇంకో బంకుంది కదా. అక్కడ పోయించుకోకుండా ఇక్కడిదాకా వచ్చావే?"

డ్రైవరు బోర్డు వైపు గడ్డం ఎగరేశాడు. "ఆడ ఏం కలుపుతున్నరో చెప్పరు సార్. ఈ అక్క చెప్తది."

పెట్రోలు పోయించుకుని అతను వెళ్లిపోయాడు. రంగనాథం గారు అక్కడే నిలబడి బోర్డు మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివారు. చదివి కారు వైపు నడిచి, తలుపు తీసి, ఎక్కకుండా వెనక్కి తిరిగారు.

"అక్షరాలు ఇంకొంచెం పెద్దగా రాయించమ్మా. రోడ్డు మీదికి కనపడటం లేదు."